పేరు మారిన పోర్టు

ఆసుపత్రి నేలమాళిగలో వైర్ల బాబాయి సర్వరు వెనకున్న రెండు కేబుళ్ళనూ పీకి, అటుదిటూ ఇటుదటూ మార్చి పెట్టాడు. క్లిప్పులు టక్కుమని పడ్డాయి. కాసేపటికి మేనేజరు చేతిలో ఫోను మోగింది.

"వచ్చిందా? అంకెలు కదులుతున్నాయా? సరే సరే" అని ఫోను జేబులో పడేసి, మేనేజరు బాబాయి వైపు తిరిగాడు. "చూశావా? వైర్లు మార్చగానే లేచి కూర్చుంది. అంటే పొద్దున నువ్వు పెట్టిందే తప్పు. పసిగుడ్ల ప్రాణాలతో ఆడుకున్నావు కదయ్యా!"

 బాబాయి కుడి అరచేతిని పైకి తిప్పి చూసుకున్నాడు. ఆసుపత్రి కట్టినప్పటి నుంచీ గోడల్లోంచి తీగలు లాగిన చెయ్యి అది; అక్కడ అందరికీ ఆయన బాబాయే. బొటనవేలి గోరు సగం నల్లబడి ఉంది.

"చూసే పెట్టాననుకున్నానండీ" అన్నాడు చివరికి. "ఏమో. చెయ్యి తప్పిందేమో."

సర్వరమ్మ ర్యాకు వెనకాల ల్యాప్‌టాప్‌ను మోచేతి మీద ఆన్చుకుని నిలబడి ఉంది. కొత్త సర్వర్లు ఎక్కించే పని ఆమెది. క్యాంటీన్ వాడు వేళాకోళానికి పెట్టిన పేరు ఆసుపత్రంతా పాకి, ఆఖరికి సూపరింటెండెంటు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఫ్యాన్ల హోరులో మేనేజరు తిట్లు సగం వినబడటం లేదు. ఆమె చూపు మాత్రం సర్వరు వెనకున్న రెండు పోర్టుల మీదే నిలిచిపోయింది.

ఎర్ర టేపు చుట్టిన కేబులు పిల్లల వార్డుది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గాజుపెట్టెల పక్కన ఉండే మానిటర్ల అంకెలన్నీ దాని గుండానే వచ్చి, ఈ సర్వరు దాటి, నర్సుల బల్ల మీది పెద్ద స్క్రీనుకు చేరతాయి. ఎర్ర కేబులు చోటు ఎడమ పోర్టు. పోయినవారం ఇన్‌స్టాల్ చేసిన రోజున ఆమే దగ్గరుండి పెట్టించింది. ఇప్పుడది కుడి పోర్టులో ఉండి పనిచేస్తోంది. అంటే ఇందాకటిదాకా ఉండాల్సిన చోటే ఉంది.

బాబాయి చెయ్యి తప్పలేదు.

 పొద్దున కరెంటు వాళ్ళు బ్యాటరీలు మార్చడానికి సర్వరును ఆపి మళ్ళీ వేశారు. తీగలు తీసిందీ తిరిగి పెట్టిందీ బాబాయే. సర్వరు లేచింది. బల్ల మీది స్క్రీను మాత్రం చివరిసారి చూసిన అంకెల్నే పట్టుకుని కూర్చుంది. అన్నీ మంచి అంకెలే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఒక పిల్ల నీలంగా మారేదాకా.

తీగలు సరిగ్గానే ఉండి, దారి తప్పిందంటే, తప్పింది సర్వరు లోపలే. లోపల ఏది ఎలా నడవాలో రాసింది తను.

"ఏమ్మా సర్వరమ్మా, నువ్వు చెప్పు. అంతేనా?" అన్నాడు మేనేజరు.

ఆమె తలూపింది. అవుననో కాదనో ఆమెకే తెలియలేదు. మేనేజరు అవుననే తీసుకున్నాడు.

*

ఆ సాయంత్రం సర్వరమ్మ అక్క డ్యూటీ నుంచి వస్తూనే వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి ఒకసారి, మళ్ళీ పెట్టి మరోసారి. ఇద్దరూ ఉండేది రెండు గదుల వాటా. ఒకరు ఆసుపత్రి పై అంతస్తులో పిల్లల వార్డు నర్సు, మరొకరు కింద నేలమాళిగలో. "మధ్యలో ఉన్న రోగులంతా మన చుట్టాలే" అని అక్క నవ్విస్తూ ఉండేది. ఈ పూట ఆమె మొహంలో నవ్వు ఛాయలు లేవు.

"పిడుగు లేదూ, మూల పెట్టెలో? అదేనే, అరచేతంత ఉంటుంది. ఊపిరి ఆపేసింది."

"విన్నాను" అంది చెల్లెలు, వంకాయ తరుగుతూ.

"వినడం వేరు. బల్ల మీద దాని అంకె నిక్షేపంగా ఉంది. నేను పక్క పిల్లకి గొట్టం మారుస్తూ ఊరికే తలెత్తి చూశాను. అంతే! పెదాలు నేరేడుపండు రంగు. పాదం మీద చిటికేశాను, వీపు రుద్దాను, చలనం లేదు. మాస్కు పెట్టి గాలి కొడుతున్నాను, కొడుతున్నాను..." అక్క తడిచేతులు ఎదురుగా పట్టుకుని అలాగే నిలబడింది. "ఆ తర్వాత ఏడ్చింది. పిల్లి కూనలా. ఆ ఏడుపు ఇంకా చెవిలోనే ఉంది."

"పెట్టె పక్కనుండే మానిటరు మోగలేదా?"

అక్క కుళాయి కట్టేసింది. "మోగిందో లేదో! ఆ హడావిడిలో ఎవరు విన్నారు?" అని, గొంతు పెంచింది. "ఆ ముసలాడి చేతులు పడిపోను! వైరు ఎక్కడ పెట్టాలో తెలియనివాడికి ఆసుపత్రిలో ఏం పనే? ఆ పిల్ల నాన్న పోలీసు కంప్లయింటు ఇస్తానంటున్నాడు. ఇవ్వాలి, ఇస్తేనే బుద్ధొస్తుంది."

"అక్కా, ఆయన..."

"ఆయనేంటి ఆయన!"

 కత్తిపీట మీద చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. 'ఆయన కాదు, నేను' అన్న మూడు మాటలే. నాలుక దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయాయి. అక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తరిగిన ముక్కలు గిన్నెలో నల్లబడుతున్నాయి. వాటి మీద నీళ్ళు పొయ్యాలన్న ధ్యాస కూడా చెల్లెలికి లేదు.

*

మర్నాడు పొద్దున్నే సర్వరమ్మ నేలమాళిగలోకి దిగి, అదే రకం సర్వరు ఖాళీది ఒకటి ఉంటే దానికి రెండు కేబుళ్ళు తగిలించి కరెంటు ఇచ్చింది.

ఈ పద్ధతి ఆమె సొంతంగా తయారుచేసుకున్నది. ఒక్క ఫైలు. దాన్ని చూపిస్తే చాలు, కొత్త మిషను ఎవర్నీ ఒక్క ప్రశ్న అడక్కుండా అన్నీ తనంతట తనే ఎక్కించుకుని, ఒకసారి ఆగి, తయారై లేస్తుంది. మునుపు ఒక్కో మిషను ముందు పూటంతా కాపలా కూర్చోవాల్సి వచ్చేది. మేనేజరు ఆ ఫైలును మీటింగులో నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. అందులో ఆమె రాసిన ఒక ముక్క: సున్నా అన్న పోర్టు వార్డు వైపు, ఒకటి అన్న పోర్టు ఆసుపత్రి వైపు.

మిషను తయారైంది. ఆమె వెనక్కి వెళ్ళి ఎడమ కేబులు పీకి, ముందుకొచ్చి తెర చూసింది. సున్నా ఆగింది. సరిగ్గానే ఉంది. రీస్టార్ట్ చేసింది, మళ్ళీ పీకింది. సున్నా. మరోసారి. సున్నాయే. ఊపిరి తేలికపడింది. అయితే బాబాయి చెయ్యే తప్పిందేమో! ఆ ఆలోచనకు తన పెదాల మీద నవ్వు రాబోతోందని గ్రహించి సిగ్గుపడింది.

చెయ్యి ఊరుకోక ఇంకోసారి రీస్టార్ట్ నొక్కింది. లేచాక ఎడమ కేబులు పీకింది.

తెర మీద సున్నా పచ్చగా వెలుగుతోంది. ఆగింది ఒకటి.

కేబుల్ చుట్ట మీద కూలబడింది. పోర్టులకు ఆ పేర్లు పుట్టుకతో వచ్చినవి కావు. మిషను లేస్తూ ఎవరెవరున్నారని అడిగినప్పుడు ముందు పలికినదానికి సున్నా, తర్వాతి దానికి ఒకటి. హాజరు వేసేటప్పుడు పిల్లలు పోటీపడి పలికినట్టే. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎడమది ముందు పలికింది. నిన్న పొద్దున కుడిది. వరసగా కొన్నిసార్లు ఒకటే ముందు పలికి, ఎప్పుడో ఒకసారి చెప్పకుండా వరస తిరగబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నిక్షేపంగా కనపడి, చూడనప్పుడు తప్పే తప్పు ఇది.

అంతకంటే పెద్ద భయం ఆ వెంటనే వచ్చింది. పైన వార్డుకు పనిచేస్తున్న సర్వరు ఇప్పుడు తిరగబడిన పేర్లతో, తిరగేసిన తీగలతో నడుస్తోంది. ఈసారి అది ఆగి లేచినప్పుడు పేర్లు సవ్యంగా వస్తే, తీగలు తప్పవుతాయి. కరెంటు ఒక్కసారి రెప్పవేస్తే చాలు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మేనేజరు గదికి వెళ్ళింది. చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అతను లేచి తలుపు మూశాడు.

"ఇప్పుడు పనిచేస్తోందా లేదా?"

"పనిచేస్తోంది సార్, కానీ..."

"పనిచేసేదాన్ని కెలక్కు. ఆయన ఒప్పుకున్నాడు, నేను పైకి చెప్పేశాను. ఎల్లుండి సూపరింటెండెంటు విచారణకి పిలుస్తుంది, ఒక సంతకం, అయిపోతుంది." కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించాడు. "ఒక్కసారి ఆలోచించు తల్లీ. వైర్లవాడిదైతే చెయ్యి తప్పు. ముసలాడు, పొరపాటు పడ్డాడంటారు. నీదైతే? ఇవాళ ఆసుపత్రిలో నీ ఫైలుతో లేచిన మిషను అదొక్కటేనా? గుండె వార్డుకు సోమవారం పెట్టబోయేవి ఏ ఫైలుతో? ఆ పిల్ల తండ్రి పోలీసుల దగ్గరికి వెళ్తే అడిగేది నిన్ను. ఆ ఫైలుకి సరేనన్నది ఎవరని ఆ తర్వాత నన్ను."

అతని చెయ్యి బల్ల మీద పెన్నును అటూ ఇటూ దొర్లిస్తోంది. ఇతనికీ భయమేనని అప్పుడు అర్థమైంది ఆమెకు. దాంతో ధైర్యం రావాల్సింది పోయి ఉన్నది కూడా పోయింది.

"కనీసం దాన్ని ఆపకుండా చూడాలి సార్."

"అది నేను చూస్తా." ఒక కాగితం మీద 'నన్ను అడగకుండా ఆపరాదు' అని రాసి, ర్యాకుకు అంటించమని ఇచ్చాడు.

ఆమె అంటించింది. కరెంటుకు చదువు రాదు కదా అనుకుంది.

*

బాబాయి ఆ మధ్యాహ్నం పిల్లల వార్డు అద్దాల తలుపు బయట సర్వరమ్మకు కనపడ్డాడు. నడుముకు ఎప్పుడూ వేలాడే పనిముట్ల సంచి లేదు. అద్దానికి తగలకుండా, మనిషి ఎడంలో నిలబడి లోపలికి చూస్తున్నాడు.

"మూల పెట్టెలో ఉన్నదేనా తల్లీ?"

"అదే బాబాయ్."

"కదులుతోందా? నా కళ్ళకి ఆనట్లేదు."

లోపల అంగుళమంత పిడికిలి ఒకటి పైకి లేచి పడింది. "కదులుతోంది" అంది.

"లోపలికి వెళ్ళి అడగొచ్చు. అడిగే మొహమేదీ?" బాబాయి చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. "ఇంట్లో మనవరాలిని ఎత్తుకోవట్లేదమ్మా. నిన్న ఎత్తుకోబోతే చెయ్యి వణికింది. మీ పిన్ని ఏమైందని అడిగింది, జ్వరమని చెప్పాను."

ఇప్పుడు చెప్పాలి. ఆమె నోరు తెరిచింది. మేనేజరు దొర్లించిన పెన్ను కళ్ళముందు కదిలింది. పోలీసు స్టేషను బల్ల ఎలా ఉంటుందో ఎన్నడూ చూడకపోయినా కనపడింది.

"భోంచేశారా బాబాయ్?"

"చేశానమ్మా."

ఆమె అడగదలచుకున్నది అది కాదు. ఆయన చెప్పింది నిజమూ కాదు.

*

సాయంత్రం అక్క మర్నాటి యూనిఫాంకు ఇస్త్రీ చేస్తుంటే చెల్లెలు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. సున్నాలూ ఒకట్లూ అక్కకు తెలియవు. అందుకే ఉన్నదున్నట్టు చెప్పింది. "బాబాయి పెట్టిన వైర్లు సరిగ్గానే ఉన్నాయి. నేను రాసిందే తప్పు. నాకు నిన్ననే అనుమానం వచ్చింది, ఇవాళ ఖాయమైంది. ఆ పిడుగును చంపబోయింది నేను."

అక్క ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. చెల్లెలు చెంపదెబ్బకు సిద్ధపడ్డట్టు భుజాలు బిగించుకుంది. చిన్నప్పుడు కొట్టేది కూడా. అక్క కొట్టలేదు. కాలర్ మీది మడతను గోటితో రాస్తూ ఉండిపోయింది.

"పక్క మానిటరు మోగలేదా అన్నావు కదా."

"ఊఁ."

"నేనే తగ్గించాను." మాట మెల్లగా వచ్చింది. "ఆ మోతకి పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. కాస్త పడుకోనిద్దామని. బల్ల మీద పెద్ద స్క్రీనుందిగా, అది చూసుకుంటుందిగా అనుకున్నా. మా చెల్లి పెట్టిందని వార్డంతా చెప్పుకున్నాను కూడానూ."



"ఆ ముసలాయన్ని తిడుతున్నంతసేపూ నాకు బాగుంటోందే" అంది అక్క. "తిట్టడం ఆపితే మళ్ళీ దడ. అందుకే వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా తిట్టాను. పిల్ల నాన్న దగ్గర కూడా." కళ్ళెత్తి చూసింది. "ఇప్పుడు ఆ స్క్రీను నమ్మొచ్చా?"

"నమ్మొద్దు."

అక్క మరో మాట అడక్కుండా ఫోను తీసి వార్డుకు చేసింది. "నేనే. అన్ని మానిటర్ల మోతా పెంచండి. పూర్తిగా. లేస్తే లేవనీ, ఏడిస్తే ఏడవనీ. పెద్ద స్క్రీను లేదనే అనుకోండి. ఎవరన్నా అడిగితే నేను చెప్పానని చెప్పు."

ఫోను పెట్టేశాక యూనిఫాం మడతపెట్టింది. "విచారణకి నేనూ వస్తాను" అంది.

*

సూపరింటెండెంటు పెద్దావిడ. మేనేజరు చెప్పింది విన్నది, సర్వరమ్మ చెప్పింది విన్నది, అక్క చెప్పింది విన్నది. చివర్లో బాబాయిని అడిగింది. ఆయన తలెత్తకుండా, "నాకు తెలియదమ్మగారూ. చెయ్యి తప్పిందనే అనుకుంటున్నాను" అన్నాడు.

"ఒప్పుకుంటున్నాడు కదా మేడం" అన్నాడు మేనేజరు. "ఈవిడది జాలిగుండె. ఖాళీ మిషను మీద ఏదో చూశానంటోంది. అదీ ఇదీ ఒకటెలా అవుతాయి?"

"వార్డుది సరిచెయ్యాలన్నా ఎలాగూ ఆపి వెయ్యాల్సిందేగా?" అంది సూపరింటెండెంటు. "పదండి, నా ముందే వెయ్యండి."

అక్క పైకి పరుగెత్తింది. పెట్టెకొక నర్సును నిలబెట్టి, మానిటర్ల మోత సరిచూసుకుని, "మేం రెడీ" అని ఫోన్లో చెప్పింది. కింద బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని, ర్యాకుకు దూరంగా గోడకు ఆనుకున్నాడు. ఎవరూ తీగ ముట్టుకోకూడదని సూపరింటెండెంటు ముందే చెప్పింది.

సర్వరమ్మ రీస్టార్ట్ నొక్కింది. ఫ్యాన్లు ఒక్కసారి ఆగి, గుర్రుమని లేచాయి. అంకెలు కదులుతున్నాయని పైనుంచి అక్క చెప్పింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ కదులుతున్నాయి.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు మేనేజరు.

 జీవితంలో మొదటిసారి సర్వరమ్మ తను పెట్టిన మిషను తప్పాలని కోరుకుంటోంది. తప్పకపోతే గోడ దగ్గర నిలబడ్డ మనిషి ఈ నేరం మోస్తూనే ఇంటికి పోతాడు. తప్పితే ఆ నేరం తనది. రెండు భయాలూ రెండు చేతులూ పట్టుకుని లాగుతున్నాయి.

"ఒక్కసారి మేడం. ఇదే ఆఖరు."

సూపరింటెండెంటు తలూపింది. సర్వరమ్మ మళ్ళీ నొక్కింది. ఫ్యాన్లు ఆగాయి, లేచాయి. దీపాలు వెలిగాయి. ఫోన్లో అక్క మాట్లాడలేదు. ఆ వెనక నర్సుల గొంతులు మాత్రం వినబడుతున్నాయి.

"అక్కా?"

"ఆగిపోయింది" అంది అక్క. "అంకెలు నిలబడిపోయాయి. పిల్లలు బాగానే ఉన్నారు, పక్కనే ఉన్నాం. కానీ స్క్రీను అబద్ధం చెబుతోంది."

నేలమాళిగలో ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మేనేజరు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సూపరింటెండెంటు గోడ వైపు తిరిగి, "మీ చెయ్యి తప్పలేదండీ" అంది.

బాబాయి మొహం వికసిస్తుందని సర్వరమ్మ ఎదురుచూసింది. ఆయన నెమ్మదిగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మొదటిరోజే అనుమానం వచ్చింది. మర్నాడు పొద్దున్నకి ఖాయమైంది."

"వార్డు బయట మాట్లాడుకున్నాం కదా. అప్పటికి?"

"తెలుసు బాబాయ్."

ఆయన తలూపాడు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

*

పిల్ల తండ్రితో సూపరింటెండెంటు స్వయంగా మాట్లాడింది. అతను అరిచాడు, ఏడ్చాడు, పిల్ల ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో ఆలోచిస్తానన్నాడు. అక్కకూ చెల్లెలికీ మేనేజరుకూ సంజాయిషీ ఇమ్మని నోటీసులు వచ్చాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. పిల్లల వార్డు సర్వరు సరయ్యేదాకా నర్సులు పెట్టె పెట్టెకూ తిరిగి చూసుకున్నారు. సోమవారం గుండె వార్డులో పెట్టాల్సిన మిషన్లను వాయిదా వెయ్యలేరు కాబట్టి, వాటిని సర్వరమ్మ ఒక్కతే ముట్టుకోరాదని, ప్రతిదీ రెండో మనిషి దగ్గరుండి సరిచూడాలని ఆజ్ఞ అయింది.

రెండో మనిషిగా వచ్చింది బాబాయి. నడుముకు సంచి ఉంది.

ఆమె ఫైలును తిరగరాసింది. ప్రతి పోర్టుకూ ఫ్యాక్టరీలోనే పడిన నంబరు ఒకటుంటుంది. ముందు పలికినా వెనక పలికినా అది మారదు. ఆ నంబరును పట్టుకునే పేరు పెట్టాలి. అదీ ఇన్‌స్టాల్ మొదలైన క్షణం నుంచే, మధ్యలో ఎక్కడా మారకుండా. సున్నాలూ ఒకట్లూ తీసేసి, 'వార్డు' అని ఒకదానికీ 'బయట' అని ఇంకోదానికీ రాసింది. బాబాయి టార్చి వేసి గుండె వార్డు మిషను వెనక చీటీ మీది నంబరును ఒక్కో అక్షరమే చదివాడు. ఆమె కొట్టింది, తిరిగి చదివి వినిపించింది. ఒకచోట ఆయన మళ్ళీ చదవమన్నాడు. చదివింది. సరిగ్గానే ఉంది.

మిషను తయారై లేచింది.

"పీకనా?"

"పీకండి."

"ఎర్రది పీకాను."

"వార్డు ఆగింది."

రీస్టార్ట్ చేశారు. ఎర్రది పీకితే వార్డు. మళ్ళీ చేశారు, వార్డు. నల్లది పీకితే బయట.  ఆమెకు ఆయనతో పనికి సంబంధించని మాట ఒక్కటైనా మాట్లాడాలని ఉంది.  పొద్దుటి నుంచీ ఆయన ఆమెను తల్లీ అనలేదు, అమ్మా అనలేదు.

"మనవరాలు ఎలా ఉంది బాబాయ్?" అంది చివరికి.

"బాగుంది." ఆయన కేబులు చేతిలోనే పట్టుకుని, "నిన్న ఎత్తుకున్నాను" అన్నాడు.

ఆమె తల దించుకుని, తెర మీది పేర్లు మరోసారి చూసింది. "ఇక చాలేమో. ఇన్నిసార్లు సరిగ్గానే వచ్చింది."

"మొన్న కూడా మొదట్లో సరిగ్గానే వచ్చింది కదా మేడం" అన్నాడు బాబాయి. కోపంగా అనలేదు. ఎర్ర కేబులు తిరిగి పోర్టులో పెట్టి, క్లిప్పు పడేదాకా వేలితో నొక్కాడు. "ఇంకోసారి వెయ్యండి."

ఆమె వేసింది.